మున్షీ సాబ్ రాయించిన అర్జీ

మొన్న మహబూబ్‌నగర్ పెద్ద పోస్టాఫీసులో నా ముందు నిలబడ్డ మనిషి ఒక బట్ట మూటను ఇన్సూరు చేయించుకుంటున్నాడు. కిటికీ అవతల గుమాస్తా కొవ్వొత్తి వెలిగించి, ఎర్ర లక్క కడ్డీని కరిగించి, కుట్ల మీద చుక్కలు చుక్కలుగా వేసి ముద్ర ఒత్తాడు. ఆ కాలిన లక్క వాసన ముక్కుకు తగలగానే నేను వరుసలో ముందుకు జరగడం మరిచిపోయాను. వెనకాయన "జర జరుగుండ్రి పెద్దమనిషీ" అన్నాడు. జరిగాను. మనసు మాత్రం నలభై ఏండ్ల వెనక్కి, మా తాలూకా కచ్చేరి గోడ పక్కనున్న నాపరాతి బండ దగ్గరికి పోయింది. ఆ బండ మీద కూర్చుని అర్జీలు రాసే రాజలింగం మున్షీ గారి వేళ్ళకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది.

ఇది చదివేవాళ్ళలో ఆయనను చూసినవాళ్ళు ఎవరూ ఉండరు కనుక ముందు మనిషిని చెప్పాలి. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. మోచేతుల దగ్గర అరిగిపోయిన నల్ల షేర్వాణీ, నెత్తిన రూమీ టోపీ. నిజాం సర్కారు నడిచినన్నాళ్ళు కచ్చేరిలో కాగితమంతా ఉర్దూ, ఊళ్ళలో మాటంతా తెలుగు. ఆ రెండింటి మధ్య ఆయన బండ ఉండేది. అర్జీ పెట్టుకునేవాళ్ళు వచ్చి గోడు చెప్పుకుంటుంటే మొదటిసారి కలం ముట్టేవారు కాదు. అంతా విని, కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చి, "ఇగ మళ్ళొక్కపారి చెప్పు" అనేవారు. రెండోసారి చెప్పినప్పుడే రాసేవారు. రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించి, "గిదేనా నువ్వు చెప్పింది?" అని అడిగేవారు. "గిదే" అని వాళ్ళ నోటితో అన్న తర్వాతే బొటనవేలికి సిరా రాసేవారు. దూరం పోవలసిన కాగితమైతే లిఫాఫాలో పెట్టి, అంటించిన చోట లక్క వేసి ఇచ్చేవారు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆయన మాత్రం ఆ పద్ధతిని ఒక్కనాడూ తప్పలేదు.

ఇక నా సంగతి. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాలుగో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివి ఆగిపోయాను. తక్కిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. గ్రంథాలయమంటే ఒక బట్టల వ్యాపారి ఇంటి పక్కగదిలో రెండు అలమారలు. రజాకార్ల రోజుల్లో దాన్ని మూసేస్తే, ఆ పుస్తకాలను మా జొన్న గాదెలో దాచిపెట్టింది నేనే. మళ్ళీ తెరిచిన తర్వాత తాళంచెవి నా దగ్గరే ఉంచారు. ఇరవై రెండేళ్ళకు ఆ రెండు అలమారలూ రెండుసార్లు చదివేశాను. అందులో ఒక ఇంగ్లీషు వాచకం కూడా ఉండేది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. అందుకని నా ఇంగ్లీషు మూడో పాఠం నుంచి మొదలైంది. అయినా ఆ తాలూకాలో ఇంగ్లీషు చదవగలిగిన నలుగురైదుగురిలో నేనొకణ్ణని లోపల చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని లోపలే ఉంచుకునేవాణ్ణి కూడా కాదు.

పోలీసు చర్య జరిగింది. సర్కారు మారింది. మద్రాసు వైపు నుంచి కొత్త అధికారులొచ్చారు. వాళ్ళకు ఉర్దూ రాదు. ఒకనాడు పొద్దున్నే మున్షీ గారు గ్రంథాలయానికి వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టారు. నెత్తిన రూమీ టోపీ లేదు. అప్పటికి ఎవరూ పెట్టుకోవడం లేదు. బట్టతల మీద టోపీ అంచు గీత మాత్రం ఇంకా తెల్లగా కనబడుతోంది. ఆ కాగితం ఆయన రాసిన అర్జీయే. దాని మీద ఎవరో ఇంగ్లీషులో ఏదో గీకి తిప్పి పంపారు.

"ఏం రాసిండ్రు సత్తయ్యా?"

"అర్థం కాలేదు అని రాసిండ్రు, మున్షీ సాబ్."

ఆయన కాసేపు కాగితం వైపు చూసి నవ్వారు. "ముప్ఫై ఏండ్ల సంది రాస్తున్న. అర్థం కాలేదని గింత సాఫ్‌గ ఎవ్వరు చెప్పలే." తర్వాత అలమార వైపు తల ఊపి, "ఆ బుక్కు దియ్యి. నాకు నేర్పు" అన్నారు.

"మీకా?"

"ఏం, నాకు బుర్ర లేదా? రోజు కచ్చేరి తెరవకముందు వస్త. నేర్పినన్ని రోజులు నువ్వు మాస్టర్ సాబ్‌వి, నేను శాగిర్దును."

అలా యాభై అయిదేళ్ళ మనిషి నా ముందు నేల మీద కూర్చుని పలక పట్టారు. నాకు తెలిసిన మూడో పాఠం నుంచే మొదలుపెట్టాను. ఆ పాఠమంతా ఒక్క క్రియ గురించి. ఐ హ్యావ్, యూ హ్యావ్, హీ హ్యాజ్. ఒకరి దగ్గర ఏదైనా ఉందని చెప్పడానికి వాడే మాట. నేనైనా, నువ్వైనా, పదిమందైనా హ్యావ్. అవతలి మనిషి ఒక్కడైతే హ్యాజ్. నాకు ఇది చాలా చిన్న సంగతి. ఆయన మాత్రం దాన్ని పట్టుకుని వారం రోజులు కదలలేదు.

"మనం ఏమంటం? 'నాకు ఇల్లు ఉన్నది' అంటం. ఉన్నది ఇల్లు. ఉర్దూల 'మేరే పాస్' అంటం, నా దగ్గర ఉన్నదని. గీ ఇంగ్లీషోడు చూడు, ముందుగాల తననే పెట్టుకుంటడు. ఐ హ్యావ్. ఇల్లెన్కకు పడ్డది."

ఇంకోరోజు పలక మీద రాస్తూ ఆగి అడిగారు. "దొరకు ఏది పెట్టాలె? హ్యావా, హ్యాజా?"

"దొరైనా ఒక్కడే గదా. హీ హ్యాజ్."

"మరి ఆయన దగ్గరున్న జీతగానికి?"

"అది గూడ హీ హ్యాజే."

"ఇద్దరికి ఒక్కటేనా? పెద్ద మాట, చిన్న మాట లేవా?"

"లేవు."

ఆయన పలక ఒడిలో పెట్టుకుని చాలాసేపు మురిసిపోయారు. "మరి గీ సంగతికి గిన్ని తుపాకులెందుకు పట్టిండ్రు సత్తయ్యా. ఈ మూడో పాఠం చదివిస్తే సరిపోవు గదా" అన్నారు. ఆయన మాటల్లో హాస్యం అలాగే ఉండేది. పక్కనున్నవాడికి నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

ఇది వర్తమానానికి సంబంధించిన మాట, ఇవ్వాళ ఉన్నదాని గురించే చెప్తుంది, నిన్న ఉండినదానికి వేరే మాట ఉంది అని కూడా చెప్పాను. నాకు తెలిసిందంతా ఒక్కసారే ఒప్పజెప్పాలని తొందర నాకు. ఆయన చేయెత్తి ఆపారు. "నిన్నటిది తర్వాత చూద్దాం. ముందుగాల ఇయ్యాల్టిది రానీ."

ఆ రోజుల్లో మా వైపు పరిస్థితి ఎలా ఉండేదో ఒక మాట చెప్పాలి. దొరలకు ఎదురు తిరిగిన సంఘం దళాలు మైదానం విడిచి అమ్రాబాద్ అడవుల్లోకి జరిగాయి. అడవి అంచు ఊళ్ళలో మిలట్రీ తిరుగుతుండేది. అడవిలోంచి బయటికి వస్తూ కనబడిన ప్రతి మగవాడి మీదా అనుమానమే. పట్టుకుని మా తాలూకా పక్కన వేసిన క్యాంపులో పెట్టేవాళ్ళు. ఇల్లూ వాకిలీ, నా అన్నవాళ్ళు ఉన్నట్టు రుజువైనవాళ్ళను పూచీ తీసుకుని జమానతు మీద వదులుతున్నారు. ఎక్కడివాడో తెలియనివాళ్ళను దూరపు జైలుకు పంపుతున్నారు.

సాయమ్మ అనే ఆమె వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె భర్త కిష్టయ్య తప్పిపోయిన ఎద్దును వెతుకుతూ అడవిలోకి పోయి, రెండోనాడు ఒట్టిచేతులతో బయటికి వస్తుంటే పట్టుకున్నారు. నాలుగు నెలలుగా క్యాంపులో ఉన్నాడు. మున్షీ గారు ఆ వారం బిడ్డ కాన్పని కొత్తకోట పోయారు. బండ ఖాళీగా ఉండడం చూసి ఎవరో ఆమెను నా దగ్గరికి పంపారు.

"ఇంగ్లీషుల రాయాల్నట తమ్మీ. నీకొస్తదంట గదా" అంది.

వస్తుందని చెప్పాను. అంతకంటే గొప్పగా రాయాలనుకున్నాను. ఊరికి పోతూ మున్షీ గారు భద్రం చేయమని ఇచ్చిన రేకుపెట్టె గ్రంథాలయంలోనే ఉంది. తీసి చూస్తే ఆయన పాత ఉర్దూ అర్జీల నకళ్ళు ఉన్నాయి. ఖైదీని విడుదల చేయమని రాసిన అర్జీ ఒకటి దొరికింది. ఎంత బాగుందో. 'ఈ దాసుడికి ఇల్లు లేదు, భూమి లేదు, హుజూర్ వారు తప్ప దిక్కు లేదు.' ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న ఆయన మాటలు, నా ఇంగ్లీషు. ఇంక కావలసిందేముంది? వాక్యం తర్వాత వాక్యం దించేశాను. హీ హ్యాజ్ నో హౌస్. హీ హ్యాజ్ నో ల్యాండ్. హీ హ్యాజ్ నో వన్ బట్ యువర్ ఆనర్. ఒక్క తప్పు లేదు. సాయమ్మకు చదివి వినిపించలేదు. ఇంగ్లీషు అర్జీ ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. వేలిముద్ర వేయించి పంపేశాను.

మూడోనాడు మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది.

"తమ్మీ, ఏం రాసినవ్?"

"విడిచిపెట్టమని రాసిన గదా."

"దుబాసీ చదివి చెప్పిండు. నీ మొగనికి ఇల్లు లేదట, భూమి లేదట, నా అన్నోళ్ళు ఎవ్వరు లేరట. ఏమీ లేనోడు అడివిల కాకపోతే ఏడ ఉంటడని క్యాంపు సాబ్ అన్నడు. మరి నువ్వెవలవని నన్నడిగిండు. నేనేం చెప్పాలె?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది. వచ్చే వారం దూరపు జైలుకు పంపే లారీలో కిష్టయ్య పేరు కూడా ఉందని, అక్కడికి పోయినవాళ్ళ జాడ ఎన్నాళ్ళకు తెలుస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారని కూడా చెప్పింది. వెళ్ళిపోకుండా అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.

సాయంత్రం బస్సుకు మున్షీ గారు దిగారు. నేను దాచుకున్న నకలు ఇచ్చి జరిగిందంతా చెప్పాను. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివారు.

"హ్యాజ్ అన్నీ మంచిగ పెట్టినవ్" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు. చూసినదాన్ని చెప్పారు, అంతే.

"మీ పెట్టెలదే చూసి రాసిన మున్షీ సాబ్."

"గది ఎవరి అర్జీయో ఎరికేనా? ఒక దొర తమ్మునిది. రెండంతస్తుల మేడల కూసోని రాయించిండు, ఇల్లు లేదు, భూమి లేదు అని. రాసేటోనికి ఎరుక, చదివేటోనికి ఎరుక. సలాం చేస్తే మనిషి ఎట్ల వంగుతడో, కాగితం గూడ గట్ల వంగాలె. గది ఉర్దూ కచ్చేరి రివాజు. క్యాంపుల గీ కొత్తాయనకు ఆ రివాజు తెల్వది. ఉన్నది ఉన్నట్టు చదివిండు, నమ్మిండు. ఆయన తప్పు లేదు."

"తప్పు నాది."

"సగం నీది. పెట్టె నాది గదా." తర్వాత అడిగారు. "ఆమెకు చదివి వినిపించినవా?"

లేదన్నాను. ఆయన నకలు మడిచి నా చేతికిచ్చారు. చెప్పులు వేసుకుంటూ, "పొద్దుగాల్నే ఆమె ఊరికి పోదాం. పలక గాదు, కాగితం తెచ్చుకో" అన్నారు.

నాలుగు కోసుల దూరం నడిచాం. ఆముదపు చేలు, గుండ్ల మధ్య ఎర్రమట్టి దారి. ఆ షేర్వాణీలో ఆయనకు చెమటలు కారుతున్నాయి. అయినా విప్పలేదు. అర్జీ పనికి పోతున్నప్పుడు విప్పేవారు కాదు. ఊరు చేరగానే కిష్టయ్య ఇంటి ముందు నిలబడి, మట్టిగోడను అరచేత్తో తట్టి చూశారు.

"ఇల్లు ఉన్నది. రాయి."

రాశాను. హీ హ్యాజ్ ఎ హౌస్.

లోపల మసక చూపుతో ఒక ముసలామె కూర్చుని ఉంది. "ఎవరు బిడ్డా?" అంది.

"అర్జీ రాసేటోళ్ళం అవ్వా. కిష్టయ్యకు నువ్వేమైతవు?"

"ఏమైతనా? కన్నతల్లిని. ఇంకేమైత?"

"రాయి" అన్నారు మున్షీ గారు నా వైపు తిరిగి. అవ్వ అడిగింది, "నన్ను గూడ రాస్తరా కాయితంల?" "ముందుగాల నిన్నే రాయాల్సుండె" అన్నారాయన.

అలా ఆయన ఊరంతా తిరిగారు. ఎకరంనర చెలక దగ్గరికి పోయి గట్టు మీద చివరిదాకా నడిచారు. పాలివాళ్ళ బావిలో కిష్టయ్య వంతు ఎంతో అడిగారు. కొట్టంలో రెండు ఎడ్లు నెమరు వేస్తున్నాయి. తప్పిపోయిన ఎద్దేది అని అడిగాను. సాయమ్మ తెల్ల ఎద్దును చూపించింది.

"ఆయన్ను పట్టుకున్న మూడోనాడు దానంతటదే వచ్చింది. అదొచ్చింది. ఆయన రాలే."

"రెండు ఎడ్లు. రాయి" అన్నారు మున్షీ గారు. కొట్టంలో ఒక మూల ఖాళీ గుంజ, దాని కింద ఎండిన పేడ ఉన్నాయి. "ఇక్కడేముండె?"

"బర్రె. పోయిన వారం అమ్మిన. గింజలు నిండుకున్నయి."

నేను అప్పటికే హీ హ్యాజ్ వన్ బఫెలో అని రాసేశాను. ఆమె మాట విని కూడా కొట్టివేయలేదు. మున్షీ గారు తొంగి చూసి ఆ అక్షరాలు కూడబలుక్కున్నారు.

"గిది తీసెయ్."

"పోయిన వారం దాక ఉండె గదా మున్షీ సాబ్. ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. ఎవరు చూడొస్తరు?"

"ఇయ్యాల ఉన్నదా?"

"లేదు. కాని..."

"లేనిది ఉన్నదంటే, ఉన్నది లేదన్నదానికి ఏం ఫరక్? ఒకపారి గట్ల రాసే గదా ఈమెను వాకిట్ల కూసోబెట్టినం."

కొట్టివేశాను. కొట్టివేత కనబడుతుందని ఆ కాగితం పక్కన పెట్టించి కొత్తది రాయించారు. తొమ్మిది వాక్యాలు. అన్నీ ఒక్క తీరే, చిన్న పిల్లలు రాసినట్టు. ఇల్లు, తల్లి, భార్య, కూతురు, చెలక, బావిలో వంతు, రెండు ఎడ్లు, నాగలి, ఈ ఊరు. కడపటిది నాకు గ్రంథాలయంలో ఎక్కడా కనబడని వాక్యం. హీ హ్యాజ్ దిస్ విలేజ్. తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆయన పట్టుబట్టి పెట్టించారు. పొగడ్త లేదు, దాసుడు లేడు, హుజూర్ లేరు. నాకు అది అర్జీలాగే అనిపించలేదు. ఆయన సాయమ్మను, అవ్వను, ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళను కూర్చోబెట్టి ఒక్కొక్క వాక్యం నా చేత తెలుగులో చెప్పించారు. "గిదేనా?" "గిదే." తర్వాతే వేలిముద్రలు.

క్యాంపుకు కాగితం చేరిన మూడోనాడు ఒక జవానూ దుబాసీ ఆ ఊరికి వచ్చారట. సాయమ్మ తర్వాత చెప్పింది. కాగితం చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ తిరిగారట. కొట్టంలో ఖాళీ గుంజ దగ్గర ఆగి దుబాసీ అడిగాడట, ఇక్కడేముండేది అని. బర్రె, అమ్ముకున్నామని ఆమె చెప్పింది. అతను కాగితం పై నుంచి కిందిదాకా మళ్ళీ చదివి, అందులో బర్రె మాట లేకపోవడం చూసి, జవానుతో ఏదో అన్నాడట. ఏమన్నాడో ఆమెకు తెలియదు. లారీ వెళ్ళిన రోజు అందులో కిష్టయ్య లేడు. మరో నాలుగు రోజులకు జమానతు మీద వదిలారు.

వదిలినరోజు కిష్టయ్య క్యాంపు నుంచి నేరుగా కచ్చేరి గోడ దగ్గరికే వచ్చాడు. గడ్డం పెరిగి, భుజాలు కుంగిపోయి ఉన్నాడు. వెంట సాయమ్మ ఉంది. దణ్ణం పెట్టబోతే మున్షీ గారు చెయ్యి పట్టుకుని బండ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

"నా గురించి ఏమో రాసిండ్రట. ఏం రాసిండ్రో వింట" అన్నాడతను.

మున్షీ గారు నకలు తీసి నా చేతికిచ్చారు. "నువ్వే చదువు, మాస్టర్ సాబ్. ముందుగాల ఇంగ్లీషుల, తర్వాత తెలుగుల."

చదివాను. నీకు ఇల్లు ఉన్నది. నీకు తల్లి ఉన్నది. నీకు భార్య ఉన్నది. ప్రతి వాక్యానికీ అతను మెల్లగా తల ఊపుతూ "ఉన్నది" అంటున్నాడు. నాలుగు నెలలుగా అతన్ని ఎవరు నువ్వు, ఎవరి మనిషివి అని అడిగినవాళ్ళే తప్ప, నీకిది ఉన్నదని చెప్పినవాళ్ళు లేరు. రెండు ఎడ్లు అన్నప్పుడు సాయమ్మ వైపు తిరిగాడు. "తెల్లది వచ్చిందా?" వచ్చిందని ఆమె చెప్పింది. ఊరు ఉన్నది అని కడపటి వాక్యం చదివేసరికి అతను మొఖం పక్కకు తిప్పుకున్నాడు. "గింత ఉన్నదా నాకు?" అన్నాడు.

"ఉన్నది" అన్నారు మున్షీ గారు. "ఇంటికి పోయి చూసుకో."

ఆ తర్వాత మున్షీ గారు నా దగ్గర ఎక్కువ పాఠాలేమీ చదవలేదు. నిన్నటి మాటలు నేర్చుకునే దాకా రానే లేదు. ఆ ఒక్క క్రియతో, పొట్టి పొట్టి వాక్యాలతోనే చనిపోయేదాకా అర్జీలు రాశారు. నేను మాత్రం ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఇంగ్లీషు వాచకాల ముందు పేజీలు కూడా చదివాను. ఎంత చదివినా, ఒకరి గురించి కాగితం మీద ఒక్క మాట పెడితే దాన్ని వాళ్ళకు చదివి వినిపించకుండా ఉండలేను. నా గ్రంథాలయపు చదువు ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగి మనిషిని అడగాలో ఆ నాలుగు కోసుల నడకలోనే తెలిసింది.

ఇప్పుడు సాయంత్రాలు మా గ్రంథాలయంలో కొందరు పిల్లలకు ఇంగ్లీషు చెప్తుంటాను. సొంత వాక్యాలు చెప్పమంటే ఎంత తొందరగా చెప్పేస్తారో. నా దగ్గర బంగారు పడవ ఉంది, వాడి దగ్గర ఏనుగు ఉంది. క్రియ సరిగ్గానే పెడతారు. నేను ఒక్కొక్కరినీ ఆపి అడుగుతాను, నిజంగా ఉన్నదా, ఇవ్వాళ ఉన్నదా అని. సార్‌కు ఇదో పిచ్చి అని నవ్వుకుంటారు. పోయిన నెల ఒక ఆడపిల్ల లేచి, మై మదర్ హ్యాజ్ ఫీవర్ అంది. పాఠంలో అలాంటి వాక్యమే ఒకటి ఉంది. అయినా అలవాటు కొద్దీ అడిగాను.

"ఇవ్వాళ ఉన్నదా?"

"ఉన్నది సార్. మూడు దినాల సంది."

పుస్తకం మూసి, పిల్లలను ఇళ్ళకు పంపి, ఆ పిల్ల వెంట వాళ్ళింటికి నడిచాను. వాళ్ళమ్మను దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది.